హామీపత్రం, పొగాకు బ్యారన్, మా అత్త

కారు తలుపు తియ్యగానే ఆ వాసన వచ్చింది. కొంచెం బెల్లప్పాకం, కొంచెం ఎండుగడ్డి, అడుగున ఎక్కడో ముక్కు మండించే ఘాటు. మా మేనత్త పెద్దకర్మకి కొండపి దగ్గర మా ఊరు వెళ్లాను. డ్రైవరు కుర్రాడు హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాడు. "ఏదో మాడుతోంది మేడమ్" అన్నాడు కంగారుగా.

"మాడటం కాదు బాబూ, ఈనె ఆరుతోంది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నాకేమో ఆ మాట అంత తడుముకోకుండా నోటికి వచ్చినందుకు ఆశ్చర్యం వేసింది. దాన్ని నోటితో అని నలభై ఏళ్లు దాటి ఉంటుంది. రాయడమైతే చాలాసార్లు రాశాను.

నేను నవలలు రాసేదాన్ని. ఇప్పుడు కళ్లు సహకరించడం లేదుగానీ, ఒకప్పుడు ఏడాదికొకటి తప్పకుండా వచ్చేది. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, ఇందులో మీ జీవితం ఎంత?" ముప్పావు నిజం, పావు కల్పన అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. ఆ లెక్క నేనెప్పుడూ వేసి చూసుకోలేదు. వేసి చెప్పిన మనిషి ఒక్కతే. ఆ మనిషి పెద్దకర్మకే వెళ్లాను.

* * *

మాది పొగాకు ఇల్లు. నాన్నకి రెండు బ్యారన్లుండేవి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, బ్యారన్ అంటే పదహారడుగుల చదరంలో కట్టిన ఎత్తయిన గది. లోపలికి తొంగిచూడ్డానికి చిన్న అద్దం, అంతే. లోపల వరసలు వరసలుగా వాసాలు, వాటి మీద పచ్చాకు అల్లిన కర్రలు వందలకొద్దీ వేలాడుతుంటాయి. పొయ్యి బయట. మంట లోపలికి పోదు, వేడి మాత్రం నేలమీది రేకు గొట్టాల్లోంచి గదంతా చుట్టి బయటికి వెళ్తుంది. అయిదారు రోజులు, రాత్రీ పగలూ కాలాలి. 90 దగ్గర మొదలుపెట్టి ఆకు పసుపు తిరిగేదాకా ఓపిక పట్టాలి. తర్వాత మెల్లగా పెంచుతూ రంగు నిలబెట్టాలి. ఆఖరికి 160 దాకా తీసుకెళ్లి ఆకు నడుమ ఉండే ఈనె ఆరబెట్టాలి. అంతా ఫారన్‌హీట్ లెక్కే. బళ్లో మాకు సెంటీగ్రేడు నేర్పేవాళ్లు, బ్యారన్‌కి మాత్రం అది పట్టలేదు. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, అశ్రద్ధ చేస్తే నల్లబడుతుంది. ఒక్క ఆకు జారి కాలిన గొట్టం మీద పడిందంటే ఏడాది కష్టం పావుగంటలో బూడిద.

ఆ పొయ్యి దగ్గర రాత్రి కాపలా మగవాళ్ల పని. మా ఇంట్లో మాత్రం అత్త చేసేది.

అత్త నాన్నకి చెల్లెలు. పెళ్లయిన నాలుగేళ్లకి ఒక రేకుపెట్టెతో పుట్టింటికి వచ్చింది. ఆయన వేరే ఊళ్లో ఇంకో ఇల్లు పెట్టాడు. "వచ్చేసింది" అని మా వాకిట్లో అనుకునేవాళ్లు, "వదిలేశాడు" అని బజార్లో అనుకునేవాళ్లు. మా బావి ఆగ్నేయం మూల ఉండటం వల్లే ఆడపిల్ల కాపురం నిలవలేదని ఒక పెద్దాయన తేల్చాడు. అత్త ఆ బావి నీళ్లే తోడుకుని, ఆ నీళ్లతోనే మొహం కడుక్కుని, సాయంత్రం బ్యారన్ దగ్గరికి వెళ్లిపోయేది.

ఆమెకి అక్షరాలు రావు, అంకెలొచ్చు. లోపల వేలాడే థర్మామీటరు అంకెలు, కాటా మీది తూకం, కూలి లెక్కలు, అన్నీ వచ్చు. గోడ మీద బొగ్గుతో అంకెలు వేసుకునేది. ఏ అంకె దేనికో ఆమెకే తెలియాలి. సెలవుల్లో నేను ఆమె పక్కనే నులకమంచం మీద పడుకునేదాన్ని. పొయ్యిలో తుమ్మమొద్దు పగిలే చప్పుడు, పక్క చేలో ఇంకో పొయ్యిలోకి మొద్దు నెట్టిన చప్పుడు. అది విని అత్త, "వాడు కునుకు తీసి లేచాడు, ఇప్పుడు ఎక్కువ తోస్తాడు, ఆకు చెడగొట్టుకుంటాడు" అనేది. నివురులో చిలగడదుంపలు కప్పెట్టి, తెల్లవారుజామున నన్ను లేపి తినిపించేది. వాటి తొక్క మీద బూడిద రుచి ఉండేది. ఇప్పుడు నాకు ఎవరైనా అవెన్‌లో కాల్చి పెడితే ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

థర్మామీటరు చూడకముందే వాసన పట్టి "నూట పది దాటింది" అనేది. అద్దంలోంచి టార్చి వేసి చూస్తే నూట పన్నెండు ఉండేది. నా నవలల్లో వంట చేసే వాళ్లూ, మందులు కలిపే వాళ్లూ, అద్దకం వేసే వాళ్లూ అందరూ వాసన పట్టి చెబుతారు. ఒక విమర్శకుడు దాన్ని నా శైలి అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు.

* * *

పగలు పచ్చాకు అల్లేటప్పుడు పాకలో ఇరవైమంది దాకా ఆడవాళ్లుండేవాళ్లు. కర్రకింతని కూలి. ఆకు జిగురు చేతులకంటి నల్లగా పేరుకుపోయేది, సబ్బుకి పోయేది కాదు. పచ్చి టమాటా ముక్కతో రుద్దుకునేవాళ్లు. నన్ను ఆకు ముట్టనిచ్చేవాళ్లు కాదు. నా పని చదవడం.

వారపత్రిక మా ఊరికి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఒక్కటే కాపీ. ముందు మా అమ్మ అందులో ప్రమదావనం శీర్షిక చదువుకునేది. మాలతీ చందూర్ మద్రాసులో కూర్చుని మా అమ్మ మనసులో ఉన్న ప్రశ్నకే జవాబు రాసిందని ప్రతి వారమూ అనేది. ఒక్కసారి కూడా ఉత్తరం రాయలేదు. ఆ తర్వాత పత్రిక నాలుగిళ్లు తిరిగి, అట్ట ఊడిపోయి, సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా చించిపెట్టుకోవడానికి మా ఇంటికే తిరిగి వచ్చేది. ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం పాకలో నా చేతికి దొరికేది.

నాకు అప్పుడు పదేళ్లు. గొంతు బాగా లేచేది. హీరో కారు దిగి మెట్లెక్కే చోట నేను ఊపిరి బిగబట్టి చదివితే, ఆకు అల్లే చేతులు ఆగకుండానే విమర్శ నడిచేది.

"వాడికి కారుందంటది గానీ, పనేందో చెప్పదేందమ్మాయ్ ఆమె?"

"ఆ పిల్ల పొద్దున్నించీ కాఫీ తాగడమేగానీ, అన్నం తిన్నట్టు ఒక్క వారం కూడా రాయలా."

"ఊరుకోవే, వాళ్లకి పొగాకా పాడా, ఎప్పుడు తింటే ఏం?"

చదవకూడదనుకున్న వాక్యాలు నేను దాటేసేదాన్ని. దాటేసిన సంగతి అత్త ఇట్టే పట్టేది. "మధ్యలో ఏదో మింగావు" అనేది. కథ ఎక్కడ ఆపాలో కూడా ఆమే చెప్పేది. మంచి పట్టులో ఉండగా, "ఆగు, చేతిలో కర్ర అవనీ, అప్పుడు చదువు" అనేది. ఇరవైమంది ఆ కర్ర పూర్తి చేసి పక్కన పెట్టేదాకా కథ గాల్లో వేలాడేది. సశేషం అనే మాటకి అర్థం నాకు పత్రిక వల్ల తెలియలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక సంపాదకుడు, మీ అధ్యాయాలన్నీ దాదాపు ఒకే నిడివిలో ఎలా వస్తాయండీ అని అడిగాడు. పొగాకు కర్ర అల్లేంత నిడివి అది. చెబితే నమ్ముతాడా?

* * *

ఆ రోజుల సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే వింతగా ఉంటుంది. నవలలంటే ఆడవాళ్లు రాసేవే అన్నట్టుండేది. మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని పంపేవాళ్లు, లేకపోతే సంపాదకులు కవరు కూడా చించరని. ఒంగోల్లో అద్దె పుస్తకాల షాపు ఉండేది. డిపాజిట్ కట్టి రోజుకింత అద్దెకి తెచ్చుకోవాలి. కావలసిన నవల కోసం మూడు వారాలు వెయిటింగ్. చేతికి వచ్చాక చివరి పేజీ ఎవరో చించేసి ఉంటారు. యద్దనపూడి సులోచనారాణి నవల "సెక్రటరీ" నేను అలాగే, చివర లేకుండా చదివాను. ఏడాది తర్వాత పెళ్లిలో కలిసిన ఒక అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను.

సులోచనారాణిది కృష్ణాజిల్లా కాజ. 1940లో ఆ పల్లెలో పుట్టిన మనిషి రాసిన మేడలూ కార్లూ చూసి లోకం వేళాకోళం చేసింది. నేనూ కొన్నాళ్లు చేశాను. 2018లో ఆమె అమెరికాలో పోయినప్పుడు రాత్రంతా పాత నవలలు తిరగేశాను. ఈసారి మేడలు కనపడలేదు. తలవంచుకోని ఆడపిల్లలు కనపడ్డారు. ఎవరి దయా అక్కర్లేదని, వచ్చిన డబ్బు తిప్పికొట్టే పిల్లలు. ఆ పొగరు కొని తెచ్చుకున్నది కాదనిపించింది. ఆమె ఊళ్లోనో ఇంట్లోనో ఎవరో ఒకరు అలా ఉండి ఉంటారనే నా ఊహ. ఊహే, సాక్ష్యమేమీ లేదు.

నా దారి మళ్లించింది మాత్రం వాసిరెడ్డి సీతాదేవి. గుంటూర్లో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఆవిడ నవల మట్టిమనిషి దొరికింది. ఆవిడది చేబ్రోలు, మా వైపు మనిషే అనుకోవచ్చు. పొలం, అప్పు, పంతం, పట్నం మోజు, అన్నీ మా చుట్టాలిళ్ల భాషలో. నాకు ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా నవల అంటే మనకు లేనిది రాయడం అనుకున్నాను. మన పేడకళ్లు, మన దస్తావేజులు, మన ఆకు జిగురు కూడా అచ్చులోకి రావచ్చని అప్పుడే తెలిసింది. మట్టిమనిషి ఇతర భాషల్లోకి కూడా వెళ్లింది. చేబ్రోలు మట్టి కన్నడంలోనో బెంగాలీలోనో ఎలా వాసన వేస్తుందో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

* * *

పెళ్లయ్యాక మావారి బ్యాంకు ఉద్యోగంతో నెల్లూరు, కర్నూలు, విజయవాడ తిరిగాం. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంటింట్లో రాసేదాన్ని. ఆ వేళ మెలకువ బ్యారన్ నాకిచ్చిన అలవాటు. పాలవాడు వచ్చేసరికి మూడు పేజీలు. ఠావు కాగితానికి ఒకవైపే రాయాలి, ఎడమవైపు మార్జిన్ వదలాలి, కార్బన్ పెట్టి ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి. తిప్పి పంపడానికి తగినన్ని స్టాంపులు అంటించిన కవరు జతచెయ్యాలి. ఆ కవరు మీద మన అడ్రసు మనమే రాసుకోవడం ఉందే, అంత అవమానం ఇంకొకటి లేదు. పోస్ట్‌మాన్ చేతిలో నా దస్తూరీ దూరాన్నుంచే గుర్తుపట్టేదాన్ని. తిరిగొచ్చిందని.

వాటితోపాటు హామీపత్రం. "ఈ నవల నా స్వంత రచన. దేనికీ అనువాదం గానీ, అనుసరణ గానీ, అనుకరణ గానీ కాదు" అని రాసి సంతకం పెట్టాలి. పెట్టాను. మొదటి రెండూ తిరిగొచ్చాయి. మూడోది సీరియల్‌కి తీసుకున్నారు. అదే బ్యారన్ నవల. మొదటి వారం పత్రిక విప్పగానే పేరు కింద చిన్న అక్షరాల్లో, "ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం." అంటే నేను స్వంతమని సంతకం పెట్టి పంపినదాన్ని వాళ్లు కల్పితమని అచ్చువేశారు. నవ్వొచ్చింది.

ఇంకా నవ్వొచ్చింది బొమ్మ చూసి. బొమ్మ వేసినాయన ఎప్పుడూ పొగాకు బ్యారన్ చూసినట్టు లేదు. కొండవాలు మీద పెంకుటిల్లు, దానికి పొగగొట్టం, పక్కన రెండు గుర్రాలు. మా ఊళ్లో గుర్రమా! ముందు నా కథానాయిక, జారుముడి వేసుకుని, చెవులకి లోలాకులతో. అది మా అత్త అన్నమాట.

కథ సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడన్న కబురు బ్యారన్ దగ్గర పొయ్యి వేస్తున్న మనిషికి అందుతుంది. ఆ కబురు దగ్గరే మొదటి మలుపు. ఆమె మోకాళ్లలో తల పెట్టుకుని, పొయ్యి వెలుగులో, తెల్లవార్లూ ఏడుస్తుంది. ఆ పేజీ రాస్తూ నేనూ ఏడ్చాను. ఆ వారం వచ్చిన ఉత్తరాలు చూసి పత్రికవాళ్లే మురిసిపోయారు. ఖమ్మం నుంచి ఒకావిడ, ఇది మా అక్క కథ, మీకెవరు చెప్పారు అని రాసింది.

* * *

ఇంటి దగ్గర గొడవ మొదలైంది. నాన్న పోస్టుకార్డు మీద ఒక్క వాక్యం రాశారు: "అమ్మాయీ, ఇంటి సంగతులు ఇంట్లో ఉంటేనే మర్యాద." అమ్మ మాత్రం ఎవరు అడిగినా అదంతా కల్పితం, పత్రికలోనే రాశారు కదా అని ఆ చిన్న అక్షరాలు చూపించేదట.

తమాషా ఏంటంటే, ఎవరిని చూసి రాశానో వాళ్లు పట్టుకోలేదు. కథలో అప్పులిచ్చి పొలాలు రాయించుకునే దుర్మార్గుడికి మా వరసకి బావ ఒకాయన నడక అరువిచ్చాను, నడక ఒక్కటే. ఆయన ఏమాత్రం పోల్చుకోలేదు. అసలు సంబంధం లేని ఇంకో బావ, ఆ షావుకారు నేనే అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. పైగా, "నన్ను కాస్త పొట్టివాణ్ణి చేసింది గానీ, మిగతా అంతా కరెక్టే" అన్నాడట. మావారైతే నవలలో ప్రతి భర్తనీ అనుమానంగా చదివేవారు. ఒక పాత్ర టీ కప్పు సాసర్‌లో ఒంపుకుని తాగుతుందని రాస్తే, ఆ రోజు నుంచి ఆయన కప్పుతోనే తాగడం మొదలుపెట్టారు.

వాస్తు తెలిసిన పాఠకుడొకాయన పదేళ్లపాటు రాశాడు. "మీ నవలలన్నింటిలోనూ బావి ఆగ్నేయంలోనే ఉంటోంది. అది దోషం. దయచేసి ఈశాన్యానికి మార్చగలరు." నేను వెతికి చూసుకున్నాను. నిజమే. కర్నూలు ఇంట్లో, నెల్లూరు ఇంట్లో, ఎక్కడ కథ పెట్టినా వంటిల్లు దాటగానే అటువైపే బావి. మార్చాలని ఒకసారి ప్రయత్నించాను. ఆ పాత్ర చేద తీసుకుని ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది. మళ్లీ మా బావినే తెచ్చి పెట్టాను.

* * *

అత్త గురించి నాకు భయంగా ఉండేది. చదవలేదులే అనుకున్నాను. చదివించుకుంటుందని తట్టలేదు. నేను పత్రిక చదివి వినిపించిన పాకలోనే ఇంకో పిల్ల, బహుశా నాలాగే గొంతు ఉన్న పిల్ల, వారం వారం నా నవలని చదివింది. ఇరవైమంది చేతులు ఆకు అల్లుతూ విన్నారు.

సీరియల్ అయిపోయిన ఎండాకాలంలో విజయవాడ మా ఇంటికి వచ్చింది, కంటి డాక్టరుకి చూపించుకోవడానికి. రెండ్రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడోరోజు మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ మొదలుపెట్టింది.

"ఏం కోడలా, నన్ను రాశావంటగా?"

నేను, అది నువ్వు కాదత్తా, వేరే ఎవరో అని ఏదో గొణిగాను.

"నేనేలే. బాగానే రాశావు. ఆకు రంగు తిరగడం బాగా రాశావు. పాకలో అందరూ మెచ్చుకున్నారు. ఒక్కటే తప్పు రాశావు."

"ఏంటత్తా?"

"ఏడ్చానని రాశావు. నేను ఏడవలా."

నాకేం చెప్పాలో తోచలేదు.

"కబురొచ్చిన్నాడు బ్యారన్ ఎక్కించాల. చూస్తే పదిహేడు కర్రలు తక్కువొచ్చినయ్. ఎవరెత్తుకుపోయారో ఏమో. చీకటి పడేదాకా వాటికోసమే తిరిగా. చేలో చూశా, గొడ్లచావిట్లో చూశా. ఆయన సంగతి నాకు మర్నాటికి గానీ గుర్తు రాలా. గుర్తొచ్చినా, కర్రలు దొరకలేదన్న కోపమే ముందొచ్చింది."

"మరి దొరికాయా?"

"యాడ దొరుకుతయ్? అవి ఇప్పటికీ దొరకలా."

అని చిక్కుడుకాయల చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కోపం లేదు. కాటా మీద తూకం తప్పు పడితే సరిచేసినట్టు సరిచేసింది, అంతే.

ఆ రాత్రి కార్బన్ కాపీ తీసి చూసుకున్నాను. మోకాళ్లలో తల, పొయ్యి వెలుగు, తెల్లవార్లూ ఏడుపు. ఈ ఏడుపు నేనెక్కడ చూశాను? అత్త దగ్గర కాదు. అమ్మ దగ్గర కాదు. అద్దె పుస్తకాల షాపులో చూశాను. పాకలో చదివిన ప్రతి సీరియల్‌లో చూశాను. అనుకరణ కాదని సంతకం పెట్టిన నవలలో అనుకరించినది ఆ ఒక్క పేజీ. ఉత్తరాలన్నీ ఆ పేజీకే వచ్చాయి.

పుస్తకంగా వేసేటప్పుడు మార్చమని విజయవాడ ప్రచురణకర్తని అడిగాను. ఆయన చేతులు జోడించి, "అమ్మా, ఆ సీను తీసేస్తే పుస్తకం కొనేదెవరు?" అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఆ పేజీ అలాగే ఉండిపోయింది.

* * *

తర్వాత ఇంకో పని కూడా చేశాను, ఇక్కడ చెప్పుకోవాలి. నా ఇంకో నవలలో 1977 నవంబరు ఉప్పెన వస్తుంది. దివిసీమని ముంచేసిన ఆ తుపానుని మా ఊరి దాకా లాక్కొచ్చి, ఒక రైతు బ్యారన్లు రెండూ కూల్చేసి, అతన్ని అప్పులపాలు చేశాను. జనం కళ్లనీళ్లు పెట్టుకుని చదివారు. నిజానికి ఆ తుపానుకి మా ఇంట్లో కొన్ని పెంకులు ఎగిరిపోయాయి, అంతే.

నాన్నని కూల్చింది తుపాను కాదు. అంతకు ముందు ఒక సీజన్లో ఆకు మొత్తం ఒక వ్యాపారికి వేశారు. అప్పటికి ఆంధ్రలో వేలం కేంద్రాలు లేవు. పొగాకు బోర్డు 1976లో వచ్చినా, ఇక్కడ వేలం మొదలయ్యేసరికి 1985 అయింది. అంతదాకా ఆకు ఇచ్చి, డబ్బు కోసం తిరగాల్సిందే. నాన్న తిరిగారు. ఉతికిన పంచె కట్టుకుని పొద్దున్న బస్సుకి వెళ్లి సాయంత్రం బస్సుకి వచ్చేవారు. "రేపు రమ్మన్నాడు" అనేవారు. అమ్మ మజ్జిగ ఇచ్చేది. మర్నాడు మళ్లీ పంచె. కొన్నాళ్లకి "రేపు" అన్న మాట కూడా ఆపేశారు, ఉత్త తల ఊపేవారు. ఆ ఏడాది నా కాలేజీ ఫీజు అత్త చెవికమ్మలతో కట్టారని చాలా తర్వాత తెలిసింది.

"రేపు రమ్మన్నాడు" అన్న మాటతో నవల నడపడం నాకు చేతకాలేదు. ఉప్పెన తేలిక. ఉప్పెనకి గాలి ఉంది, చీకటి ఉంది, కేకలున్నాయి. ఉతికిన పంచెకి ఏముంది? ఇప్పుడు రాయగలనేమో అనిపిస్తుంది. కళ్లు లేవు.

నాన్న ఆ నవల చదివి, చాలా రోజులకి అన్నారు, "తుపానుదేముందిలే, చెప్పి వచ్చింది" అని. అది మెప్పుకోలో మందలింపో అడగలేకపోయాను.

* * *

పెద్దకర్మ భోజనాలయ్యాక తమ్ముడు మా బ్యారన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఒకటి పడగొట్టేశారు. రెండోదాంట్లో పాత మోటారు, యూరియా సంచులు, మనవడి విరిగిన సైకిలు. గోడ మీద పొయ్యివైపు బొగ్గు అంకెలు ఇంకా మసకమసగ్గా ఉన్నాయి. వాటికి ఫోటో తీద్దామంటే ఫోన్‌లో ఏమీ పడలేదు. వాసన పక్క చేలోంచి వస్తోంది, వాళ్లు ఇంకా కాలుస్తున్నారు. నేను నిలబడి, నూట నలభై అయినా ఉండి ఉంటుంది అన్నాను. తమ్ముడు నవ్వి, "ఇప్పుడెవడిక్కావాలక్కా అది" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మరదలు అత్త రేకుపెట్టె ముందేసుకుని కూర్చుంది. ఏం పంచాలో ఏం పారెయ్యాలో నన్నడిగి చేద్దామని ఆగిందట. రెండు నేతచీరలు, పసుపుగుడ్డలో కట్టిన చిల్లర, గాజు పగిలిన థర్మామీటరు, నా పెళ్లి ఫోటో. అడుగున న్యూస్‌పేపర్లో చుట్టిన కట్ట. విప్పితే సీరియల్ పేజీలు. వారం వారం చించి, ఆకు అల్లే పురికొసతో కుట్టింది. నా నవల. మొత్తం ఉంది.

తిప్పుతుంటే ఆ వారం దగ్గర చేయి ఆగింది. పెంకుటిల్లు, పొగగొట్టం, గుర్రాలు, మోకాళ్లలో తల పెట్టుకున్న జారుముడి అమ్మాయి. ఆ బొమ్మ పక్కన మార్జిన్లో, పెన్సిల్‌తో, లావుగా రెండుసార్లు దిద్దిన అంకె.

17.

"ఏందొదినా ఆ అంకె?" అంది మరదలు. "అత్తయ్య ఏదన్నా బాకీ రాసుకుందా?"

"కర్రలు" అన్నాను.

"ఏం కర్రలు?"

వాకిట్లోంచి డ్రైవరు హారన్ కొట్టాడు, పొద్దుపోతోందని.

"కూచో, చెబుతా" అన్నాను.